ఫలాఫెల్ నూనెలో విడిపోతుంటే

ఉడికించిన కాబూలీ శనగలతో చేస్తే ఫలాఫెల్ (అరబ్బు దేశాల వడ లాంటిది) నూనెలో వేయగానే విడిపోతోందని రాశారు కదండీ. చిక్కంతా ఆ ఉడికించడంలోనే ఉంది. ఉడికిన శనగల్లో తేమ ఎక్కువ, పట్టు తక్కువ. ఉడికించని శనగలో ఉన్న పిండిపదార్థం వేగేటప్పుడే ఉడికి ముద్దను పట్టి ఉంచుతుంది. లెబనాన్, పాలస్తీనా వాళ్లు నానబెట్టి, ఉడికించని శనగలే వాడతారు. ఈజిప్టులో అయితే శనగల బదులు బాకలా గింజలు (ఫావా బీన్స్), అవీ నానబెట్టినవే.

రాత్రంతా నానబెట్టి, నీళ్లు వార్చి, గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వండి. ఉల్లి, వెల్లుల్లి, బోలెడంత కొత్తిమీర, జీలకర్ర, ధనియాల పొడి, ఉప్పు వేసి చుక్క నీళ్లు లేకుండా మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. మసాలా వడ పిండిలా బరకగా ఉండాలి, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, వేయించే ముందు చిటికెడు వంటసోడా కలపండి.

నూనె 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. ముందు ఒక్కటే వేసి చూడండి. అప్పటికీ విడిపోతే చెంచాడు శనగపిండి చాలు. ముదురు గోధుమరంగు వచ్చేదాకా తీయకండి.

దీనికి తోడుగా పెట్టే తాహినీలో (నువ్వుల ముద్ద) నిమ్మరసం, వెల్లుల్లి వేస్తే గట్టిపడుతుంది, టెన్షన్ పడకండి. చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గిలక్కొడితే జారుగా, తెల్లగా అవుతుంది. పీటా రొట్టెలో టమాటా, కీరాతో వేడివేడిగా పెట్టండి.