ఫొటోలకంటే ముందు ఆ గోడ దగ్గరికి వెళ్లు

చిన్నీ,

మీ పెళ్లి ఫొటోలు లూసియానాలో, ఓక్ ఆలీ అనే పాతకాలపు చెరకు ఎస్టేటులో తీయించుకుంటున్నారని నిన్న మీ అమ్మ చెప్పింది. వాటితో పాటు విట్నీ ప్లాంటేషన్‌కీ, అదే ఒకప్పుడు బానిసలతో చెరకు పండించిన ఇంకో ఎస్టేటుకీ, టికెట్లు కొన్నావట. అది విని ఎంత సంతోషం వేసిందో. కానీ రాత్రంతా నిద్ర మాత్రం పట్టలేదు.

టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. హ్యూస్టన్ నుంచి అయిదారు గంటల దారి, తెల్లారే బయలుదేరండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ చెరకు కొట్టే రోజులు, రోడ్డు నిండా లోడు బళ్లు ఉంటాయి. చీకటి పడ్డాక కారు తీయొద్దు. అనకాపల్లి రోడ్డు మీద లైట్లు లేని చెరకు బండిని స్కూటర్‌తో గుద్దుకుని మీ తాతయ్య మూడు నెలలు మంచంలో ఉన్నారు. నవ్వకు, నాకు ఈ భయం పోదు.

ఓక్ ఆలీలో రెండు వరుసల్లో 28 చెట్లు, కొమ్మలు పైన కలిసిపోయి పందిరిలా ఉంటాయి. అందంగా లేవని నేననను. అక్కడే ఆంట్వాన్ అనే బానిస తోటమాలి 1846 చలికాలంలో పెకాన్ అనే అక్రోటు లాంటి కాయ చెట్లకు అంట్లు కట్టి, చేత్తోనే పగిలే పల్చటి పెంకు కాయ పండించాడు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ కాయకు బహుమతి వచ్చింది. అతని ఇంటిపేరేమిటో మనకు తెలీదు.

ఇక విట్నీ. దాన్ని 2014 డిసెంబరులో మ్యూజియంగా తెరిచారు, మరుసటి ఏడాది మేం వెళ్లాం. చెరకు రసం కాచిన పెద్ద ఇనప పెనాలు చూడగానే నాకు మన బెల్లం పొయ్యి గుర్తొచ్చింది. చిన్నప్పుడు పాకం చింది నా చేతి మీద పడితే నాన్న పని ఆపేసి నన్నెత్తుకుని పరిగెత్తారు. విట్నీలో బానిసలు సీజన్లో రాత్రీపగలూ కాచేవాళ్లు. చెయ్యి కాలితే ఎవరు ఎత్తుకుని పరిగెత్తారు? ఆ పెనం అంచు మీద చెయ్యి వేసి నిలబడిపోయాను.

అయినా పది నిమిషాలు తిరక్కుండానే ఒక తప్పు పని చేశాను. అక్కడ బతికిన 350కి పైగా బానిసల పేర్లు చెక్కిన గ్రానైట్ గోడ ఉంది. నున్నటి నల్లరాయి, అందులో మన మొహం కనిపిస్తుంది. నేను కంచిపట్టు చీరలో ఉన్నాను. పిల్లలు ఆకలని గోల. గబగబా అందరం కలిసి ఒక ఫొటో దిగాలనుకున్నాను. గోడ దగ్గర ఒక నల్లజాతి పెద్దావిడ, పక్కన కూతురు కాబోలు. ఆవిడ చూపుడు వేలు ఒక పేరు మీద ఉంది, అక్షరం తర్వాత అక్షరం మెల్లగా జరుపుతోంది. "కాస్త పక్కకు జరుగుతారా, ఫొటో తీసుకోవాలి" అన్నాను. చిరునవ్వుతోనే అన్నాను, చిన్నీ. ఆవిడ నా వైపు చూసింది. కోపం లేదు. వేలు తీసేసి పక్కకు జరిగింది. కూతురు ఆవిడ భుజం పట్టుకుంది.

ఫొటో బాగా వచ్చింది. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే మా నవ్వుల వెనక ఆ రాతిలో ఆవిడ నీడ కనిపించింది. దాన్ని నేను ఫ్రేమ్ కట్టించలేదు, చించెయ్యనూ లేదు. అరలో ఉంది.

అందుకే చెబుతున్నాను, ముందు విట్నీకి వెళ్లు. మామూలు బట్టల్లో వెళ్లు, పెళ్లి బట్టలు కారులోనే ఉంచు. ఆ పారిష్‌లో, అంటే అక్కడి జిల్లాలో, చనిపోయిన 2,200 మంది బానిస పిల్లల పేర్లున్న చోట తొందరపడకు. ఎవరైనా గోడ మీద చెయ్యి పెట్టి ఉంటే, వాళ్లు తీసేదాకా ఆగు. ఏడుపొస్తే ఏడువు, ఆ అబ్బాయి ఏమీ అనుకోడు. ఓక్ ఆలీ ఫొటోలు మర్నాడు తీసుకోండి, చెట్లు ఎక్కడికీ పోవు.

ఆవిడ వేలు కింద ఉన్న పేరు నేను చదవలేదు. గోడకు కుడి చివర, నా భుజం ఎత్తులో ఉండాలి. ఆ వరుసలో ఉన్న పేర్లన్నీ చదివి నాకు ఫోన్ చేసి చెప్పమ్మా. రాసుకుంటాను.

మీ పెద్దమ్మ