పాస్టర్ గారి అబ్బాయి పాస్టరే అవ్వాలా? ఒక అమ్మగారి ప్రశ్నకి జవాబు

పల్లెటూరి సంఘంలో సేవ చేస్తున్న ఒక పాస్టర్ గారి భార్య రాశారు. వాళ్ళబ్బాయి డిగ్రీ మాథ్స్ ఫైనల్ ఇయర్, ఎమ్మెస్సీ చేసి లెక్చరర్ అవ్వాలని ఆశ, నాన్నగారేమో సెమినరీకి, అంటే పాస్టర్లని తయారుచేసే కాలేజీకి వెళ్ళు, నా తర్వాత సంఘాన్ని నువ్వే చూసుకోవాలి అంటున్నారట. ఇద్దరికీ మాటల్లేవు. "నేను బాబు వైపు మాట్లాడితే దేవుడి పనికి అడ్డం పడినట్టేమో అని భయంగా ఉంది" అన్నారు. చివర్లో ఒక్క లైన్‌లో ఇంటర్ చదివే అమ్మాయి గురించి కూడా రాశారు, సండే స్కూల్ మొత్తం తనే నడుపుతుందట.

అమ్మా, మీరేమీ అడ్డం పడట్లేదు, ముందు ఆ భయం తీసెయ్యండి. ఈ పని ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు, అర్ధరాత్రి ఎవరికైనా సీరియస్‌గా ఉందంటే లేచి వెళ్ళాలి, పొద్దున సమాధి కార్యక్రమం చేసొచ్చి సాయంత్రం ఇంకొకరింట్లో మొగుడూ పెళ్ళాల గొడవ తీర్చాలి, కానుకలు తక్కువొచ్చిన నెలలో కూడా గుమ్మంలోకి వచ్చినవాళ్ళని నవ్వుతూనే పలకరించాలి, అందులో సగం బరువు మోసేది మీరే, జీతం మాత్రం ఆయన ఒక్కరికే. పిల్లలు ఏ చిన్న తప్పు చేసినా "పాస్టర్ గారి పిల్లలై ఉండి" అనే మాట ఎలాగూ వస్తుంది. పిలుపు ఉన్నవాళ్ళకే ఇదంతా కష్టం, ఇక నాన్న మాట కాదనలేక ఒప్పుకున్న కుర్రాడు ఎన్నాళ్ళు మోస్తాడు చెప్పండి, కొన్నాళ్ళకి తనూ నలిగిపోతాడు, సంఘమూ నలిగిపోతుంది.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు బైబిల్ నుంచే మాట్లాడండి, నా మాటలకంటే ఆయన అదే వింటారు. ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు యాజకుడి ఇంట్లో పుట్టి యాజకులయ్యారు, కానీ వాళ్ళు యెహోవాను ఎరగనివాళ్ళు అని ఒకటో సమూయేలు 2వ అధ్యాయంలోనే ఉంది. దేవుడు పేరు పెట్టి పిలిచింది బయటి నుంచి వచ్చిన సమూయేలుని. మళ్ళీ ఆ సమూయేలు కొడుకులు కూడా తండ్రి దారిలో నడవలేదు.

ఇంకొకటి, బెర్న్‌హార్డ్ రీమాన్ ఎవరో మీ అబ్బాయిని అడగండి, మాథ్స్ స్టూడెంట్ కాబట్టి తెలిసే ఉంటుంది. జర్మనీలో ఒక పల్లెటూరి లూథరన్ పాస్టర్ గారి కొడుకు, ఇంటినిండా పిల్లలు, డబ్బుకి కటకట. 1846లో గోటింగెన్ యూనివర్సిటీలో చేరింది థియాలజీ, అంటే దైవశాస్త్రం చదవడానికే, కానీ మనసంతా లెక్కల మీదే ఉంది. చెప్పకుండా మారిపోలేదు, నాన్నని అడిగాడు, ఆయన సరే అన్నారు. తర్వాత ప్రపంచంలోనే పెద్ద గణిత శాస్త్రవేత్తల్లో ఒకడయ్యాడు, విశ్వాసం మాత్రం వదల్లేదు, 1866లో 39 ఏళ్ళకే చనిపోతే సమాధి రాయి మీద చెక్కింది దేవుణ్ణి ప్రేమించేవాళ్ళకి అన్నీ మేలుకే అనే రోమా 8:28 వాక్యమే. అందుకే మీ బాబుకి నేను చెప్పేది, మౌనంగా అప్లికేషన్ పెట్టెయ్యొద్దు, నాన్న ముందు కూర్చుని నోరు తెరిచి అడగమనండి.

ఎమ్మెస్సీ చేస్తే సేవ తలుపు మూసుకుపోతుందా అంటే లేదు. సెమినరీలో చదివే ఎం.డివ్ (మాస్టర్ ఆఫ్ డివినిటీ) మామూలుగా డిగ్రీ అయ్యాక చేసే మూడేళ్ళ కోర్సు, తర్వాత ఎప్పుడైనా నిజంగా పిలుపు వస్తే అప్పుడు వెళ్ళొచ్చు. పౌలు కూడా డేరాలు కుట్టే పని చేసుకుంటూనే సువార్త చెప్పాడు, అపొస్తలుల కార్యములు 18:3 ఆయనకి చూపించండి.

మీరు అడగలేదు గానీ ఇల్లు సంగతి చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు మీరుంటున్నది సంఘం ఇల్లయితే అది ఆయన పోస్టుతో వచ్చిందే, ఆయన రిటైరైనా, ఇంకేమైనా జరిగినా ఖాళీ చెయ్యాల్సిందే. ఇంగ్లండ్ రచయిత్రి జేన్ ఆస్టిన్ కూడా పల్లెటూరి పాస్టర్ గారి అమ్మాయే, 1801లో తండ్రి రిటైరై బాత్ నగరానికి మారితే ఊళ్ళో ఇల్లు, సంఘం పెద్దన్నయ్యకి వెళ్ళాయి, 1805లో తండ్రి పోయాక తల్లీ ఇద్దరు కూతుళ్ళూ అన్నదమ్ముల సాయం మీద బతకాల్సి వచ్చింది. నాకైతే మీ ఆయన పట్టుదలలో ఈ భయం కూడా కొంత ఉందేమో అనిపిస్తుంది, కొడుకు పాస్టర్ అయితే ఇల్లు నిలుస్తుందని. అదే కారణమైతే దానికి సెమినరీ మందు కాదు, ఇప్పట్నుంచే మీ పేరు మీద కొంచెం కొంచెం సేవింగ్స్ పెట్టుకోండి, ఆయన తర్వాత మీ సంగతేంటో సంఘం పెద్దల్ని రాతపూర్వకంగా అడగమనండి.

ఇక అమ్మాయి. మొక్కల శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా పాస్టర్ గారి పెద్దబ్బాయే, ఇతను ఆ దారికి రాకపోతే ఇంట్లో చాలా బాధపడ్డారు, చివరికి తండ్రి స్థానంలోకి వచ్చింది తమ్ముడు సామ్యూల్. మీ ఇంట్లో అందరూ అబ్బాయి వైపే చూస్తున్నారు, ఎవరూ చెప్పకుండానే ప్రతి ఆదివారం పిల్లలకి వాక్యం చెప్తున్నది మాత్రం ఈ పిల్ల. అమెరికాలో ఆంటోనెట్ బ్రౌన్‌ని ఒక చిన్న పల్లె సంఘం 1853లోనే పాస్టర్‌గా ఆర్డినేషన్ చేసింది, అంటే అధికారికంగా అభిషేకించింది. అన్ని సంఘాలూ ఆడవాళ్ళకి ఆర్డినేషన్ ఇవ్వవు, మీ సంఘం రూల్ ఏంటో ముందు కనుక్కోండి, ఇవ్వకపోయినా థియాలజీ చదివినవాళ్ళకి టీచింగ్, కౌన్సెలింగ్, బైబిల్ అనువాదం లాంటి పనులున్నాయి. అయితే అన్నయ్య వద్దన్నాడు కాబట్టి నువ్వెళ్ళు అని మాత్రం అనకండి, ఇంటర్ అయ్యాక నీకేం చదవాలనుంది అని మామూలుగా అడిగి, ఏం చెప్తుందో పూర్తిగా వినండి.