చెరువు దగ్గర మేం బయటివాళ్లమా?

ప్రశ్న: మాది చిత్తూరు, పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా ఏరియా చెరువు కోసం పనిచేసే గ్రూపులో చేరితే ‘మీకెందుకండీ, మీరు బయటివాళ్లు కదా’ అన్నారొకరు. అమెరికాలోని ఎల్‌పాసోలో ఉండే మా తమ్ముడేమో అక్కడ హిస్పానిక్ జనమే, అంటే స్పానిష్ భాష మూలాలున్నవాళ్లే, ముందుండి ఒక కొండని కాపాడుకున్నారంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజమేనమ్మా. అది క్యాస్ట్‌నర్ రేంజ్. ఒకప్పుడు సైన్యం ఫైరింగ్ ప్రాక్టీస్ చేసిన చోటు, పేలని గుండ్లు ఇంకా మట్టిలో ఉన్నాయి, అయినా వసంతం రాగానే కొండంతా పసుపు గసగసాల పూలే. ఆ ఊళ్లో నూటికి ఎనభై మంది దాకా హిస్పానిక్‌లు. దశాబ్దాలు పోరాడితే 2023 మార్చిలో జాతీయ స్మారకంగా, అంటే ప్రభుత్వం కాపాడే చోటుగా, ప్రకటించారు. ఆ అధికారం అధ్యక్షుడికి ఇచ్చింది 1906 నాటి చట్టం.

వాళ్లందరూ నిన్న మొన్న వచ్చినవాళ్లని మాత్రం అనుకోకండి. ఎల్ పాసో పక్కనే ఉన్న న్యూమెక్సికో రాష్ట్రంలో కొన్ని హిస్పానిక్ కుటుంబాలు అమెరికా అనే దేశం పుట్టకముందు నుంచీ ఉన్నాయి. అక్కడ అసేకియా అనే ఊరుమ్మడి కాలువలుంటాయి, ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే పెద్దని మయొర్దోమో అంటారు, అంటే అచ్చం మన నీరుగంటే! మీ నాన్నగారిని అడగండి, చిత్తూరు వైపు ఆయనకి ఈ మాట తెలిసే ఉంటుంది.

మీరు చేయాల్సింది ఒకటే: ఈ ఆదివారం మళ్లీ వెళ్లండి, వచ్చీరాని కన్నడంలోనే మాట్లాడండి, వీలైతే నాన్నగారినీ తీసుకెళ్లండి, తూము సంగతి ఆయన చెప్తుంటే మిమ్మల్ని బయటివాళ్లన్న ఆయన కూడా వింటారు.