రోడ్డు పక్క పాత చెట్లకు గుళ్లకూ కోటలకూ ఇచ్చే విలువ ఇవ్వాలా?

మీది విశాఖ తీరం, మాది ములుగు రోడ్డు. మీ ఊరి బాట పక్క పాత చెట్లను వారసత్వ సంపద అనొచ్చా అని అడిగారు. అనాల్సిందే. ఎన్నేళ్లవి, ఎవరు నాటారు అనే లెక్కలు తర్వాత.

మా స్టేజీ పేరే చింతచెట్టు. హన్మకొండలో బస్సెక్కితే ఊరి పేరు ఎవరూ చెప్పేవాళ్లు కాదు, "చింతచెట్టు కాడ ఆపు" అంతే. రోడ్డు వెడల్పని ఎర్రరంగుతో నంబరేసి, రెండు రోజుల్లో మొద్దు కూడా మిగల్చకుండా పెకిలించారు. అదే వారం మా నాయనమ్మ, మా మేనత్త ఇంటి నుంచి పొద్దూకే బస్సుకు వస్తోంది. చదువు రాదు. కిటికీ పక్కన కూర్చుని చెట్టు కోసం చూస్తూనే ఉందట. చెట్టు రాలేదు. కండక్టర్ కొత్తవాడు. బస్సు ములుగు పోయి ఆగింది. రాత్రి తొమ్మిదింటికి బండేసుకుని పోతే, బస్టాండు బెంచీ మీద ఒళ్లో సంచితో కూర్చుని ఉంది. భయం లేదు, ఒకటే కోపం. "చెట్టును ఎటు వెట్టిన్రు రా?" అని నన్నే తిట్టింది, నేనే నరికినట్టు. మళ్లీ ఎన్నడూ ఒక్కతే బస్సెక్కలేదు.

ఈ రోడ్డు మీదే రామప్పకు కార్లు బారులు తీరతాయి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు, సంతోషమే. కానీ రాయైతే చరిత్ర, చెట్టైతే అడ్డమా? ఇదే 163వ జాతీయ రహదారి మీద చేవెళ్ల వైపు సుమారు 900 మర్రుల కోసం జనం పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ గడప తొక్కాల్సి వచ్చింది. పాలమూరులో పేరున్న పాత మర్రిచెట్టు పిల్లలమర్రికి చెద పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించారు. చూడ్డానికి టికెట్ పెట్టిన చెట్టు కదా!

ఒకటి కొడితే పది నాటుతామన్నారు. నాటింది కోనోకార్పస్, ఎక్కడో అమెరికా సముద్రపు ఒడ్డు మొక్క. దాంట్లో గూడు కట్టిన పిట్టను నేనైతే చూడలేదు. ఇప్పుడు అదీ మంచిది కాదని పీకుతున్నారు.

చెట్లు పోతే ఊరు ఎంత పరాయిగా కనిపిస్తుందో 2014లో హుద్‌హుద్ తుఫాను మీకు చూపించే ఉంటుంది. నీళ్లు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 వాల్టా చట్టం మీకూ మాకూ ఒకటే, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. ఆ కాగితం అడగండి. ఎర్ర నంబరు పడకముందే ఏ చెట్టు పేరున ఏ స్టేజీ ఉందో రాసి ఇవ్వండి. మేం రాయలేదు.