ఇల్లు మారబోతున్న తమ్ముడి కొడుకుకు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు కరీంనగర్ నుంచి హన్మకొండకు బదిలీ అయిందని, నెలాఖరులోగా ఇల్లు మారాలని, ఆఫీసు శిక్షణలో చెప్పిన డిజైన్ థింకింగ్ (వాడేవారి అవసరం నుంచి మొదలుపెట్టి పరిష్కారం వెతికే పద్ధతి) ఇలాంటి పనికి అక్కరకు వస్తుందా అని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. తప్పక వస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని డి.స్కూల్ అనే డిజైన్ శిక్షణ సంస్థ వారు ఈ పద్ధతిని ఐదు మెట్లుగా బోధిస్తారు: వాడబోయే మనిషిని అర్థం చేసుకోవడం, సమస్యను నిర్వచించడం, ఆలోచనలు పోగుచేయడం, నమూనా తయారుచేయడం, దాన్ని పరీక్షించడం. మనవాళ్లు మొదటి రెండు మెట్లూ దాటవేసి నేరుగా టు-లెట్ బోర్డుల వెంట పడతారు కనుకనే ఏడాది తిరగకుండా మళ్లీ సామాను సర్దుకోవలసి వస్తుంది.

కాబట్టి ఇల్లు వెతకడానికి ముందు, ఇప్పుడున్న ఇంట్లో ఎవరు ఎలా మసలుతున్నారో ఒక వారం గమనించు. ఎలాంటి ఇల్లు కావాలని మీ అమ్మను అడిగితే, మీకు నచ్చితే చాలంటుంది తప్ప మరో మాట చెప్పదు. ఆమె రాత్రి ఎన్నిసార్లు లేస్తుందో, లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటుందో, సాయంత్రం ఎవరితో మాట్లాడటానికి గడపలో కూర్చుంటుందో నువ్వే చూడాలి. అలా చూశాక నీ అవసరం ‘అద్దె అందుబాటులో ఉండే డబుల్ బెడ్‌రూమ్’ అన్న మాటలో ఇమడదు; ‘మోకాళ్ల నొప్పులున్న అమ్మ రాత్రిపూట ఎవరినీ లేపకుండా బాత్‌రూమ్‌కు వెళ్లిరాగలగాలి, కోడలు ఉదయం వంట ముగించుకొని కాజీపేటలో రైలు అందుకోగలగాలి’ అని తేలుతుంది. ఇంత స్పష్టంగా రాసుకుంటే, చూడవలసిన ఇళ్లలో సగం వాటంతటవే తప్పుకుంటాయి. మిగిలిన వాటిలోనూ అన్నీ కుదరవు కనుక, హాల్లోనే అమ్మ మంచం వేయడం, దివాన్ అమ్మేయడం వంటి ప్రత్యామ్నాయాలు అందరూ కూర్చొని ముందే అనుకోండి.

ఇరుగుపొరుగును అడిగే తీరు కూడా ముఖ్యమే. ఈ వీధిలోకి వరద వస్తుందా అంటే, ఓనరుతో మాట పడటం ఇష్టంలేక, అబ్బే రాదంటారు. 2023 జూలైలో వానలు కురిసినప్పుడు మీ బండి ఎక్కడ పెట్టారు అని అడిగితే జరిగింది జరిగినట్లు చెబుతారు. అభిప్రాయం కాక అనుభవం అడగాలన్నది ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన విషయం. 2020 ఆగస్టులోనూ, 2023లోనూ నయీంనగర్, హంటర్ రోడ్ ప్రాంతాల్లో నీళ్లు నిలిచాయి కనుక, ఆ వైపు ఇల్లు చూస్తే ప్రహరీ గోడ మీద మరకలను కూడా పరిశీలించు. నల్లా ఏ వేళకు వస్తుందో, కోతులు వంటింటి దాకా వస్తాయో లేదో ఇదే విధంగా రాబట్టాలి.

అడ్వాన్సు ఇవ్వకముందే ఒక మధ్యాహ్నం మూడు గంటలకు టేపు, సుద్దముక్క తీసుకొని వెళ్లు. పడమటి గోడ మీద చెయ్యి పెడితే మే నెల ఎలా ఉంటుందో అర్థమవుతుంది. మంచం, బీరువా కొలతలను నేల మీద సుద్దతో గీసి, బీరువా తలుపులు తెరుచుకునే మేర కూడా గీయి. ఈ గీతలే నీ నమూనా; వాటి మధ్య నుంచి మీ అమ్మను బాత్‌రూమ్ దాకా నడిపించు. ఆమె ఎక్కడ పక్కకు ఒరిగితే అక్కడ ఇరుకన్నమాట. పై అంతస్తయితే బీరువా అంత పొడవున్న కర్రను మెట్ల మలుపులో తిప్పి చూడటం మరచిపోవద్దు; హమాలీలు మధ్యలో ఆగిపోయి అదనంగా అడిగేది అక్కడే.

మంచిరోజున పాలు పొంగించి, సామాను మరో రోజు తెచ్చుకునే వెసులుబాటు మనకు ఉండనే ఉంది. దీన్ని మించిన పరీక్ష ఏ శిక్షణలోనూ చెప్పరు. పాలు పొంగించి వెంటనే వెనక్కి రాకుండా, అక్కడే వండుకొని తిని, చీకటి పడేదాకా ఉండండి. వంటగట్టు ఎత్తు కోడలికి సరిపోతుందో లేదో, పొగ ఎటు పోతుందో, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఎక్కడ కావాలో ఆ పూటే తెలుస్తుంది. కడ్డీ బిగించడం, బాల్కనీకి జాలీ కొట్టించడం వంటి పనులు సామాను రాకముందే ముగించుకోవచ్చు.

సర్దుడు గురించి చెప్పవలసింది తక్కువ. అట్టపెట్టె మీద లోపలి వస్తువు పేరు కాక, అది చేరవలసిన గది పేరు రాయి. అమ్మ మందులు, పక్కబట్టలు, స్టవ్, బకెట్ డీసీఎంలోకి చివర ఎక్కిస్తే ముందుగా దిగుతాయి. గోడలకు మేకులు మాత్రం రెండు వారాల వరకు కొట్టవద్దు. ఈలోగా ఎవరికి ఏది ఇబ్బందిగా ఉందో ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి రాసుకోండి, దాన్నిబట్టి మంచాలు, అల్మారాలు ఒకసారి మార్చి చూశాకే మేస్త్రీని పిలువు.

ఇట్లు,
మీ పెదనాన్న,
హన్మకొండ