రెసిడెన్సీకి వెళ్లబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఆర్ట్స్ సెంటర్‌లో కొన్నాళ్లు ఉండి నృత్యం తయారుచేసుకునే రెసిడెన్సీ నీకు వచ్చిందని తెలిసి సంతోషం. మూడు వారాల్లో నలభై నిమిషాల నృత్యం పూర్తిచేస్తానన్నావే, నా అభ్యంతరమంతా అక్కడే. ఆర్ట్స్ సెంటర్ ఇచ్చేది ఖాళీ స్టూడియో, తీరిక సమయం. వాటిని హడావుడిగా ఖర్చుపెట్టకు. ఒక్క ప్రశ్న పట్టుకెళ్లు, అదీ ఒంటితో చేసి చూడగలిగేది. ‘స్వేచ్ఛ’ అని రాసుకుని వెళితే తొలిరోజే దిక్కు తోచదు. ‘పడబోతున్న ఒంటిని ఎక్కడిదాకా ఆపగలను?’ అనుకుంటే పొద్దున్నే పని మొదలుపెట్టొచ్చు.

సంతకం చేసేముందు ఒప్పందం చదువు. స్టూడియో రోజుకెన్ని గంటలు, సెలవురోజు తాళం ఎవరి దగ్గరుంటుంది, బస, భోజనం, ప్రయాణ ఖర్చులు పారితోషికంలో కలిపారా, విడిగా ఇస్తారా, తీసిన వీడియో ఎవరికి చెందుతుంది: ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ‘స్థానికులకు వర్క్‌షాపులు’ అని ఉంటే ఎన్ని చెయ్యాలో అడుగు. గంటన్నర వర్క్‌షాప్ మధ్యాహ్నమంతా మింగేస్తుంది.

ఇక నేల. చాలామంది అడగరు, తర్వాత కుంటుతారు. కాంక్రీటు మీద నేరుగా వినైల్ (నాట్యానికి పరిచే ప్లాస్టిక్ షీటు) పరిస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, దూకినప్పుడు దెబ్బంతా మోకాళ్లకూ ముంగాళ్లకూ. మడమతో గట్టిగా తట్టి చూడు. బోలుగా మోగి కాస్త కదిలితే కింద చెక్క చట్రం ఉన్నట్టే. మొద్దుగా ఆగిపోతే గెంతులు తగ్గించుకో, మోకాలి ప్యాడ్లు పెట్టుకో. వినైల్ చుట్టలుగా ఇస్తే ముందురోజు రాత్రే పరిచి వదిలెయ్. విప్పగానే టేపు వేశావంటే తర్వాత అది సాగి మధ్యలో ఉబ్బుతుంది, కాలివేళ్లు తట్టుకుంటాయి. తడిగుడ్డతో తుడిస్తే చాలు, సబ్బు ఎక్కువైతే జారుతుంది.

మామూలుగా రోజుకు రెండు గంటలు చేసేవాళ్లు ఇక్కడ ఒక్కసారిగా ఆరు గంటలు చేసి, నాలుగో రోజుకల్లా మంచమెక్కుతారు. మొదటి వారం మూడు గంటలు దాటకు. వారానికొక రోజు పూర్తి విశ్రాంతి, స్టూడియో ఖాళీగా ఉందని బాధపడొద్దు.

ఫోన్ రోజూ అదే మూలలో, అదే ఎత్తులో, పాదాలు కూడా పడేలా పెట్టు. ఇరవై నిమిషాలు ఆశువుగా ఆడినది తీసి ఆ సాయంత్రమే చూడు. పనికొచ్చిన చోట్లు మాత్రం రాసుకో: ‘07:40, తలకంటే ముందు ఎడమ భుజం తిరిగింది.’ రేపు చూద్దామనుకున్నవి పది గంటల వీడియోగా పేరుకుపోతాయి, వాటిని ఎవరూ చూడరు.

చివర్లో చూపించేది పదిహేను నిమిషాలు చాలు. ప్రత్యేకంగా లైట్లు వద్దు, గదిలో ఉన్నవే వెయ్యి. తర్వాత ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు, అంతటితో సరి. లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్యకారిణి పద్ధతి పాటించు: ముందు వాళ్లకు గుర్తుండిపోయినదేదో చెబుతారు, తర్వాత నీ ప్రశ్నలు, ఆపైన అభిప్రాయం కలపకుండా వాళ్ల ప్రశ్నలు, అభిప్రాయాలు చివర్లో, అవీ నువ్వు సరేనంటేనే. నాలుగో మెట్టుకు ముందు తొందరపడేవాళ్లు ఉంటారు, మర్యాదగా ఆపు. నడిపించే పని వేరొకరికి అప్పగిస్తే నీకు రాసుకునే వీలుంటుంది.

నేలమీది టేపు గుర్తులు పీకేముందు, కొలతలు పడేలా ఫోటో తీసుకో. వీడియోలు రెండు చోట్ల దాచు.

ఆశీస్సులతో,
మీ పిన్ని