పేల్ ఏల్‌లో ఎండు పండ్లు: ఏవి వేయాలి, ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి?

మీ ప్రశ్న ఇదీ: డాలస్‌లో ఉంటున్నారు, ఇంట్లో నాలుగుసార్లు మామూలు పేల్ ఏల్ (లేత రంగు బీరు) కాచి చేశారు. ఈసారి ఐదు గ్యాలన్లలో (సుమారు 19 లీటర్లు) ఎండుద్రాక్షో, ఖర్జూరమో, ఎండు ఆప్రికాటో వేయాలనుకుంటున్నారు. మరిగేటప్పుడు వేయాలా, పులిశాక వేయాలా అని అడిగారు. నేను పోర్ట్‌లాండ్‌లో ఉంటాను. ఎండు ఆప్రికాట్లతో మూడుసార్లు చేశాను. అందులో మొదటిసారి చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు పండు సంగతి. ఆప్రికాటే తీసుకోండి. ఎండుద్రాక్షలోనూ ఖర్జూరంలోనూ ఉండేది దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. దాన్ని ఈస్ట్ తినేశాక పేల్ ఏల్ లాంటి తేలికపాటి బీరులో మిగిలేది కాస్త వైన్ వాసన మాత్రమే. అవి నల్లటి, చిక్కటి బీర్లకు బాగుంటాయి. పైగా ఎండుద్రాక్షలు ఒకదానికొకటి అంటుకోకుండా చాలాచోట్ల నూనె పూస్తారు, ఆ నూనె నురగను చంపేస్తుంది. ఆప్రికాట్‌కి సొంత పులుపుంది. తీపి పోయినా ఆ పులుపూ, దాని సువాసనా నిలుస్తాయి. బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పూలైన అమెరికన్ హాప్స్‌తో కూడా బాగా కలుస్తాయి. నేను కాస్కేడ్, అమరిల్లో అనే రకాలు వాడతాను. కాస్కేడ్ 1972లో ఇక్కడి ఓరెగాన్ నుంచే బయటికొచ్చిన రకం, నాకు దాని మీద కొంచెం అభిమానం ఎక్కువే.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. సూపర్‌మార్కెట్లో మెరిసే నారింజ రంగు ఆప్రికాట్లకు ఆ రంగు నిలిచేది సల్ఫర్ డయాక్సైడ్ వల్ల. అది కొద్దిగా ఉంటే బలంగా ఉన్న ఈస్ట్ ఆగిపోదు గానీ, కుళ్లిన గుడ్డు వాసన రావచ్చు. పొటాషియం సోర్బేట్ ఉన్నవైతే అసలు ముట్టుకోవద్దు, అది ఈస్ట్‌ను పెరగనివ్వదు. గోధుమ రంగులో, చూడ్డానికి అందంగా లేనివే మనకు కావాలి. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు ఇవి కొత్త కాదు, ఖుబానీ కా మీఠాకి వాడేవి అవే. గింజతో ఉన్నవి దొరికితే గింజ తీసేయండి. మీఠా మీద ఆ పప్పు అలంకరిస్తారని బీరులో వేయకండి. చేదు పప్పులోంచి సైనైడ్ విడుదలవుతుంది.

నానబెట్టడం కూడా ఆ మీఠా పద్ధతే. 450 గ్రాముల పండ్లను సన్నగా తరిగి, ముప్పావు లీటరు నీళ్లలో 70–75 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇరవై నిమిషాలు ఉంచి, మూత పెట్టి చల్లారనివ్వండి. మరిగించొద్దు. మరిగితే పండ్లలోని జిగురు పదార్థం పెక్టిన్ దిగి బీరు ఎప్పటికీ తేటపడదు. చల్లారాక ఆ పెక్టిన్‌ను విడగొట్టే పెక్టిక్ ఎంజైమ్ కలిపితే ఇంకా మంచిది. మూత తీసినప్పుడు వచ్చే వాసన, పెళ్లి భోజనంలో చివర వడ్డించే గిన్నెను నా ముందు పెట్టినట్టే ఉంటుంది. ఆ నీళ్లు పారబోయకండి, రుచి సగం వాటిలోనే ఉంది.

వేయాల్సింది పులియడంలో మొదటి ఉధృతి తగ్గాక, అంటే ఈస్ట్ వేసిన ఆరేడో రోజున. ముందే వేస్తే పొంగులో పైకి లేచే గ్యాస్‌తో పాటు సువాసన కూడా ఎగిరిపోతుంది. మస్లిన్ (పల్చటి గుడ్డ) సంచీని ముందు మరిగించి, అందులో పండ్లు వేసి ముడి కట్టండి. నేను మొదటిసారి సంచీ లేకుండా వదిలేశాను. ముక్కలు నానిన చింతపండులా ఉబ్బి సైఫన్ గొట్టంలో ఇరుక్కున్నాయి, లీటరు పైనే బీరు అడుగున మడ్డితో వదులుకోవాల్సి వచ్చింది.

అయితే అసలు తప్పు అది కాదు. పండ్లు వేసిన ఆరో రోజుకే ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను బయటికి మాత్రమే వదిలే మూతలో) బుడగలు ఆగాయని సీసాల్లో పోసేశాను. పన్నెండో రోజు రాత్రి అల్మారాలో పేలుడు. తలుపు తీస్తే గాజు ముక్కలు పక్క గోడకు గుచ్చుకుని ఉన్నాయి. మా పాప బొమ్మలు ఉండేది ఆ కింది అరలోనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిగతావన్నీ మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని కూలర్ పెట్టెలోకి మార్చి, చల్లబడ్డాక ఒక్కొక్కటే తెరిచి పారబోశాను.

లెక్క చూడండి. 450 గ్రాముల ఆప్రికాట్లలో దాదాపు 240 గ్రాముల చక్కెర ఉంటుంది. ఐదు గ్యాలన్ల సీసాలకు గ్యాస్ కోసం మనం కలిపేది 115 గ్రాములే. పండ్లలోని చక్కెర సగమే పులిసి, మిగతా సగం సీసాలోకి వెళ్లినా, కావాల్సినదానికి రెట్టింపు ఒత్తిడి అయినట్టే. ఎండు ముక్క లోపలి చక్కెర నెమ్మదిగా బయటికొస్తుంది కాబట్టి బుడగలను నమ్మొద్దు, ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌నే నమ్మండి. పండ్లు వేశాక కనీసం రెండు వారాలు ఆగి, మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలవండి. రెండు అంకెలూ ఒకటే అయితేనే సీసాలు కడగడం మొదలుపెట్టండి. నాకు మొదటి గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే సాంద్రత) 1.052, చివర్లో 1.011 వస్తుంది. పండ్ల వల్ల ఆల్కహాల్ అర శాతం దాకా పెరుగుతుంది.

రెండోసారి 900 గ్రాములు వేస్తే పులుపు హాప్స్ చేదును మింగేసింది. 450 చాలు. చేదు కూడా 30 ఐబీయూ (బీరు చేదును కొలిచే ప్రమాణం) దాటనివ్వకండి. పులుపూ చేదూ రెండూ ఎక్కువైతే గొంతు దగ్గర పట్టేస్తుంది. సీసాల్లో మూడు వారాలుంచాక బంగారు రంగులో, కాస్త మసకగా వస్తుంది. ఆ మసక నాకు అభ్యంతరం కాదు.

ఇది చదువుతున్న మన ఊళ్లవాళ్లకు ఒక మాట. అమెరికాలో 1978 చట్టం వల్ల పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు, అమ్మకుండా సొంతానికి చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లైసెన్స్ లేకుండా చేయడం ఎక్సైజ్ నేరం. అక్కడ ప్రయత్నించకండి.

మీరు ఏ ఈస్ట్ వాడుతున్నారో రాయలేదు. నేను సేఫేల్ యూఎస్-05 అనే ఈస్ట్ వాడి 18 డిగ్రీల దగ్గర ఉంచుతాను. డాలస్ వేడికి గది చల్లగా ఉండే ఏర్పాటు మీకుందా? అది చెప్తే, పండ్లు ఏ రోజు వేయాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.